ఉయ్యాల చుట్టూ బెరడు

శనివారం

ఒకే తల్లి పాలు తాగిన తమ్ముడు అస్లక్‌కు,

సౌలు రాజు దావీదు మీదికి ఈటె ఎందుకు విసిరాడో నువ్వెప్పుడైనా ఆలోచించావా? వీధిలో ఆడవాళ్లు ఆ కుర్రవాణ్ణి పొగుడుతూ పాడిన పాట చెవిన పడినందుకు! మొన్న బడి సభలో జనం నీకు చప్పట్లు కొడుతుంటే నాకు ఆ పాటే వినిపించింది. మన తపాలా పెట్టెలు రెండూ ఒకే కొయ్యకు ఉన్నాయి. అయినా నీ ముఖం చూసి మాట్లాడలేను. అందుకే ఈ ఉత్తరం.

బడి ఉయ్యాలల కింద బెరడు పరిచింది ఎవరు? నేను. నా స్ప్రూస్ చెట్ల బెరడు, నా ట్రాక్టరు. ప్రార్థనా మందిరంలో నేను లేచి "రేపు దుగ్నాద్" అంటే చాలు, ఊరంతా కూలి మాట ఎత్తకుండా ఆ ఉమ్మడి పనికి పారలు పట్టుకుని వచ్చేది. ఆడవాళ్లు వాఫిల్స్ కాల్చేవారు. ఆ మెత్తటి నేల మీద ఊరి పిల్లలంతా పడి లేచారు. మరి నువ్వు సభలో ఏమన్నావు?

"అన్నయ్యా, నీ బెరడు మెత్తనే, కాదనను. కానీ చక్రం దిగబడుతుంది. అచ్చం నీ ప్రసంగంలాగే, లోపలికి దిగినవాడు బయటికి రాలేడు."

హాలంతా గొల్లుమంది. పెద్ద పంతులమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆపైన నీ రబ్బరు పురాణం ఎత్తుకున్నావు: రబ్బరు పలుకులు జిగురుతో కలిపి పోస్తారట, నేల చదునుగా, మెత్తగా ఉంటుందట, చక్రాల కుర్చీ ఉయ్యాల దాకా దొర్లుకుంటూ పోతుందట. చలికాలంలో నా బెరడు తడిసి గడ్డకట్టి రాయవుతుందని కూడా అన్నావు. నిజమే కావచ్చు. కానీ ఆ కుర్చీలో కూర్చునేది నా మనవరాలు సున్నివా. ఆమె గురించి నాకంటే ముందు నోరెత్తడానికి నువ్వెవరు?

అసలు మంట ఎక్కడుందో చెబుతాను, విను. రోజూ మధ్యాహ్నం విరామంలో నేను బడికి వెళ్లి సున్నివాను ఎత్తుకుని, ఆ బెరడు దాటించి ఉయ్యాలలో కూర్చోబెడతాను. "మెల్లగా తాతా, నేనేం బంగాళాదుంపల బస్తానా!" అంటూ నా మెడ చుట్టూ చేతులు వేస్తుంది. నీ రబ్బరు వచ్చాక ఆ చేతులు నా మెడ మీద ఎందుకు పడతాయి? మనుషులను చూసి ఈర్ష్యపడేవాళ్లు లోకమంతా ఉన్నారు. నేలను చూసి ఈర్ష్యపడేవాడు నీ అన్న ఒక్కడే.

బుధవారం రబ్బరు పోసేవాళ్లు వస్తారు. ఈలోగా పాత బెరడు తవ్వి ఎత్తకపోతే వాళ్లు వచ్చిన దారినే పోతారు. దుగ్నాద్‌కు పిలిచే నోరు ఈ ఊళ్లో నాదే. రేపటి కూటంలో నేను పిలవను. దమ్ముంటే నువ్వు పిలువు.

నీ అన్న,
తోర్గిల్స్

మంగళవారం, పొద్దున

నా తమ్ముడా,

ఆదివారం నేను పిలవలేదు. నువ్వూ పిలవలేదు. బెంచీ చివర కూర్చుని నా వైపే చూశావు. భయపడ్డావనుకుని లోలోపల సంతోషించాను. నా కోసం ఆగావని ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న బడికి వెళ్లడం ఆలస్యమైంది. వెళ్లేసరికి సున్నివా కుర్చీ బెరడులో పక్కకు ఒరిగి ఉంది. ముందు చక్రాలు దిగబడ్డాయి. తను కింద పడి ఉంది, జుట్టునిండా బెరడు. దెబ్బేమీ తగల్లేదు. ఏడవడం లేదు, కోపంతో ఊగిపోతోంది. ఎత్తబోయాను.

"ముట్టుకోకు తాతా!"

"ఏమైందే తల్లీ? నేనున్నాగా?"

"అదే కదా! నువ్వొచ్చేదాకా నా ఆట మొదలవదు. నీకు జలుబు చేసిన వారమంతా ఏం చేశానో తెలుసా? అందరూ కోట్లు విప్పి నా ఒళ్లో పడేసి ఆడుకోవడానికి పోయారు. నేనేమన్నా కోట్లు తగిలించే కొయ్యనా?"

చేతకాని ముసలివాడిలా అడిగాను: "మరి ఇక నిన్ను ఎత్తుకోనివ్వవా?"

"ఇంట్లో ఎత్తుకో. బళ్లో వద్దు, అందరూ చూస్తారు."

లోయలు పూడ్చండి, గరుకు నేలను చదును చేయండి అని యెషయా ప్రవక్త కేకవేసిన మాట మీద నేను ఎన్ని ఊళ్లలో గొంతు చించుకున్నానో నీకు తెలుసు. ఆ దారిన వచ్చేది మహారాజు రథమనుకున్నాను. చిన్నపిల్ల కుర్చీ అని ఒక్కసారీ తట్టలేదు. తప్పిపోయిన తమ్ముడు తిరిగొచ్చిన విందులో ఆటపాటలు వినబడుతున్నా ఇంట్లోకి రానని వాకిట్లో బిగుసుకు నిలబడ్డ పెద్దకొడుకును నా ప్రసంగాల్లో ఎంతగా తిట్టాను! వాడు నేనే.

నా ఈర్ష్య చల్లారిందనుకోకు. ఆ మాట నాకంటే ముందు నీ నోట వచ్చిందని ఇంకా మండుతోంది. మండనీ. ఆ మంటతోనే తవ్వుతాను.

తెల్లవారకముందే బయలుదేరి ఇంటింటి తలుపూ కొడుతున్నాను. "ఏమిటి తోర్గిల్స్, తీర్పు దినం వచ్చేసిందా?" అని ఒకాయన ఆవులిస్తూ అడిగాడు. "వచ్చింది, పార పట్టుకుని రా" అన్నాను. రేపు పొడిగా ఉంటుంది. ఎల్లుండి వాన, ఆ వెనకే మంచు. తడి నేల మీద వాళ్లు రబ్బరు పోయరు. ఇవాళ బెరడు ఎత్తకపోతే వసంతం దాకా ఆ పిల్ల అంచునే కూర్చుంటుంది. నువ్వు ఇంట్లో లేవు కాబట్టి ఈ కాగితం తలుపు సందులో దూరుస్తున్నాను. కనబడగానే బూట్లు తొడుక్కో. తోపుడు బండి తీసుకో. కాఫీ తర్వాత తాగొచ్చు, పొలం రేపు చూసుకోవచ్చు. రేపనకు అస్లక్, ఇవాళే, ఈ పూటే బడికి రా!

అక్కడ తవ్వుతూ ఉండే నీ అన్న,
తోర్గిల్స్