నంబరేసిన చెట్లు

అనంతగిరి
12 నవంబరు 1998

ప్రియమైన నాన్నకి,

పిట్ట వచ్చింది! గొంతు కింద ఇటుకరంగు మచ్చ, బొటనవేలంత ఒళ్లు. హిమాలయాల నుంచి ఎగిరొచ్చి, నిరుడు కూర్చున్న చెట్టు మీదే కూర్చుంది. ఎంత మొండిదో చూడు! చలికాలం నాలుగు నెలలూ దానికి కావలసిందల్లా కాఫీ తోటలో పెద్ద చెట్ల నీడ, ఆ తడి నీడలో తిరిగే పురుగులు. తోటలు పలచనైనకొద్దీ పిట్టలు తగ్గిపోతున్నాయి. ఎనిమిదేళ్ల కిందట మా రీసెర్చి సారు లెక్కపెడితే ఈ లోయలో తొంభై ఉండేవట. ఇప్పుడు నలభై.

అవి వాలే నలభై చెట్లకీ తెల్ల పెయింటుతో నంబర్లు వేశాను. మార్చిలో రిపోర్టు ఇస్తే ఆ చెట్లని కొట్టకుండా ఆపుతామన్నారు అటవీశాఖవాళ్లు. స్వెట్టర్ వేసుకుంటున్నానని అమ్మతో చెప్పు.

నీ దేవి

ఆటోనగర్
30 నవంబరు 1998

చిట్టితల్లి దేవికి,

నీ ఉత్తరం కోత మిల్లులో అందరికీ చదివి వినిపించాను. దుంగలు దించే జగ్గయ్య నవ్వాడు. "బొటనేలంత పిట్ట కోసం పిల్లని కొండెక్కించీసినావేటి సూరన్నా!" అన్నాడు. నవ్వనీ. పాతికేళ్లు రంపం దగ్గర నిలబడ్డవాడి కూతురు చెట్లని కాపాడుతోందంటే నాకెంత గర్వమో వాడికేం తెలుసు! మీ అమ్మ మాత్రం "సలికి ఏటి తింటందో, ఏటి కప్పుకుంటందో" అని ఒకటే గోల.

ఆశీస్సులతో,
నాన్న

అనంతగిరి
27 జనవరి 1999

ప్రియమైన నాన్నకి,

సెమినారుకని హైదరాబాదు వెళ్లి పది రోజులకి వచ్చాను. ఇరవై ఆరు చెట్లు లేవు. పక్క చెట్లు అలాగే ఉన్నాయి, నావే కొట్టారు. పిట్టలు రెండు రోజులు ఎండలో ఆ మొదళ్ల చుట్టూ తిరిగాయి. మూడో రోజు కనబడలేదు. ఎక్కడికి పోతాయి నాన్నా? మిగిలిన ప్రతి నీడలోనూ వేరే పిట్ట ఉంది, ఇంకోదాన్ని రానివ్వదు.

నా మీద ఎవరికింత కక్ష? తోట మేస్త్రీని అడిగితే మొహం తిప్పుకున్నాడు. వాడి మీద పోలీసు కేసు పెడతాను.

దేవి

ఆటోనగర్
1 ఫిబ్రవరి 1999

అమ్మా దేవీ,

మేస్త్రీ మీద కేసు పెట్టకు. కక్ష ఎవరికీ లేదు. కొట్టడానికి అనుమతి వచ్చిన చెట్లకే పెయింటుతో నంబరేస్తారు. కూలీలు కాగితం చూడరు, నంబరు చూస్తారు. ఈ సంగతి మా మిల్లులో తెలియనివాడు లేడు. నంబర్లేశానని నువ్వు రాస్తే పదిమందికీ చదివి మురిసిపోయానే గానీ, 'తుడిచెయ్యమ్మా' అని ఒక్క ముక్క రాయాలని తోచలేదు. గర్వం కళ్లు కప్పేసింది.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన సోమవారం కొండ నుంచి దుంగలొచ్చాయి. నంబరున్న దుంగ మాకు మామూలే, చూడను కూడా చూడం. పదకొండు కోసేశాను. పన్నెండోదాన్ని తిప్పితే ఏడు అంకె నడుముకి అడ్డగీత. మూడో తరగతి నుంచీ నువ్వు అలాగే వేస్తావు. రంపం ఆపేశాను. "ఏటైంది అన్నా, ఎందుకాపీసినావ్?" అన్నాడు జగ్గయ్య. వారం రోజులు నీకు రాయడానికి చెయ్యి రాలేదు. నీ చెట్లని నేనే కోశాను తల్లీ.

ఈ ఉత్తరం అరకు బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. రేపు పొద్దున్న బస్సుకి కిరసనాయిలు, ఇనప బ్రష్షు పట్టుకుని వస్తాను. ఈలోగా మిగిలిన పధ్నాలుగు నంబర్లూ కనబడకుండా మట్టి పూసెయ్యి. నన్ను ఎంత తిట్టినా పడతాను, కానీ ముందు మట్టి పూయి.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని
నాన్న