జంతికల కింద బొమ్మల కాగితాలు

హేమా,

బ్యాగు జిప్పు పడట్లేదు. మీద కూర్చున్నాను, అయినా పడలేదు. విప్పి చూస్తే అమ్మ సర్దేసింది. దుప్పటి, మంకీ క్యాపు, ఆవకాయ సీసా, డబ్బా నిండా జంతికలు. అరకులో బొమ్మలేసే వర్క్‌షాప్‌కి కదా వెళ్తున్నాను, రంగులు మాత్రం లేవు. మనింట్లో ఎవరు ఎక్కడికెళ్లినా కరువు ప్రాంతానికి పంపినట్టే సర్దుతారు.

"రంగులేవే అమ్మా?" అన్నాను.

"రంగులు తింతావేటి? ఆకలేత్తే ఏటి సేత్తావు?" అంది.

అది సర్దుకోవచ్చు. కానీ నీళ్లరంగుల కోసం తెప్పించుకున్న మందపాటి కాగితాలన్నీ జంతికల కింద పరిచేసింది. "మంచి కాయితంరా, నూనె సుక్క కిందకి దిగనేదు" అని మురిసిపోతోంది. నూనె తాగిన కాగితం మీద నీళ్లరంగు నిలవదు. అక్కడ కాగితాలు ఇవ్వరు, ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

నేను డ్యూటీకి పోతున్నాను. రేపు పొద్దున్నే రైలు. నువ్వు ఆఫీసు నుంచి రాగానే, డాబా గార్డెన్స్‌లో బొమ్మల సామాన్ల కొట్టు మూసేలోపు వెళ్లి అలాంటి కాగితాలే తే. దుప్పటి తీసి రంగులు, బ్రష్షులు పెట్టు. ఆవకాయ జోలికి పోకు, అమ్మ పద్మనాభం ఊరి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

మీ ఆయన ప్రసాద్

తా.క. అవి బొమ్మల కాగితాలని అమ్మకి చెప్పలేకపోయాను. పొద్దుట్నుంచి నా కోసమే పొయ్యి దగ్గరుంది. ఇప్పుడేమో "ఆ కాయితాలు ఇంకున్నాయేట్రా, సాయంత్రం గారెలేత్తాను" అంటోంది. చెబితే ఏడుస్తుంది, చెప్పకపోతే కొత్తవీ గారెల కిందకే పోతాయి. ఏం చెయ్యమంటావే? దండం పెడతాను, ఫోన్ చేసి నాకు చెప్పు.