చిట్టియ్య పంపిన కబురు

సువార్తమ్మకు, ప్రభువు కృపవలన ప్రాణంతో ఉన్నాను, బెంగపడవద్దు.

కాలువ లాకు దగ్గర నాతోపాటు పడవలకు తలుపులు తీసే చిట్టియ్య మంగళవారం పనికి రాలేదు. రాజమండ్రి వెళ్లే పడవలన్నీ ఆగిపోతే నేనొక్కడినే అవస్థపడ్డాను. మర్నాడు అతడు రాగానే పడవవాళ్లందరి ముందూ "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని వాక్యమెత్తి గర్జించాను. అతడు తలగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మాకు వండిపెట్టే ఏసమ్మ ఏడ్చింది. "ఆయన కూతురు వాంతిభేదితో పోయిందండి. మీతో చెప్పమని నాకే కబురంపాడండి. మీరు మొదటి మాటకే కేకలేస్తారు కదండీ, భయపడి ఊరుకున్నానండి" అంది.

వినుటకు వేగిరపడమని, కోపించుటకు నిదానించమని బైబిల్లో యాకోబు అన్న మాట నాకు కంఠతా వచ్చు. ఏం లాభం?

చిట్టియ్య మన ఊళ్లో అత్తవారింటికి చేరాడట. నువ్వు వెళ్లి తప్పు నాదేనని చెప్పు, క్షమించమను. వానలు రాకముందే ఇంటికి తాటాకు కప్పించు. అమ్మకు నా వందనాలు. ప్రభువు మీ గుమ్మాన్ని కాచుగాక.

జ్వరపడ్డ మన చిన్నదాని ఊసు నీ పోయిన రెండు కార్డుల్లోనూ లేదు. నేను కేకలేస్తానని దాచావా? ఏదైనా సరే, పంతులుగారిచేత వ్రాయించు. వింటాను.

యోబు