గ్లవ్ బాక్స్ వెనక వైర్లేమీ లేవు

నువ్వు అబద్ధాలకోరువి. మన కారు డ్యాష్‌బోర్డులోని గ్లవ్ బాక్స్ వెనక అన్నీ వైర్లే, ముట్టుకుంటే షాకు కొడుతుందని బతికినన్నాళ్లూ నన్ను బెదిరించావు. నువ్వు పోయి ఏడాదైన ఈ రోజున దాన్ని నేనే విప్పాను.

ఏసీ వేస్తే చాలు, అత్తమ్మకు దగ్గు తెర వస్తోంది. మిర్యాలగూడ నుంచి నీ తమ్ముడిది ఒకటే ఫోను: "వదినా, అమ్మకు గీ కారు పడ్తలేదు. అమ్మేద్దాం. ఒక్కదానివి, నీకు కారెందుకు?" నడిపేది నేను, తీర్పు చెప్పేది ఆయనా?

ఇంగ్లీషు బండి పుస్తకంలో బొమ్మలు చూస్తే, ఏసీ గాలిని వడకట్టే ఫిల్టరు గ్లవ్ బాక్స్ వెనకే ఉందని తెలిసింది. సూర్యాపేటలోనే కొత్తది కొన్నాను. గ్లవ్ బాక్సును రెండు పక్కలా నొక్కితే ఊడి వచ్చింది. వెనకున్న ప్లాస్టిక్ మూత తీసి పాత ఫిల్టరు లాగాను. దాన్నిండా మిల్లుల ఊక దుమ్ము, ఎండిన బంతిరేకలు, పసుపు బియ్యం! ప్రతి దసరాకూ నువ్వు బండి మీద చల్లిన అక్షింతలే, అద్దం కింది సందుల్లోంచి జారాయి. ఏటా పూజ చేశాం, ఒక్కసారీ విప్పి చూడలేదు. ఈ దేశంలో పూజలందుకునే వాటన్నిటి గతీ ఇంతే.

కొత్తది బిగించి, అత్తమ్మను ఎక్కించుకుని మిర్యాలగూడ దాకా ఏసీలోనే వెళ్లాను. దగ్గు లేదు. దిగుతూనే అత్తమ్మ నీ తమ్ముడితో అన్నది: "అరేయ్, అమ్ముడు లేదు గిమ్ముడు లేదు. కోడలు బాగు జేసింది. రేపు కోదాడల నీ అక్కను సూడవోతున్నం. నువ్వు బస్సుల రా!"

ఇక నా డిమాండ్లు.
బండి పుస్తకం తెలుగులో అచ్చు వేయాలి.
సర్వీసు చేసేటప్పుడు ఆడవాళ్లను దగ్గర నిలబెట్టి చూపించాలి.
మగవాళ్లు తెలియనిది తెలియదని ఒప్పుకోవాలి.
సర్వీసు మెసేజీలు ఇంకా నీ నంబరుకే వెళుతున్నాయి. అవి నా నంబరుకు రావాలి.