పొడిగానే ఉన్న నీటి విమానం

అక్కా, తేలింది! మన సరిత కట్టిన నీటి విమానం తేలింది, బిడ్డ క్షేమం. అన్నిటికంటే ముందు ఈ మాటే రాయాలనిపించింది. నీకు దండాలు. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? బావకు దగ్గు తగ్గిందా?

తుంగతుర్తి విడిచి కోదాడలో బిడ్డ దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఫోన్‌లో బాగున్నామనే చెప్పాను. బాగాలేము అక్కా. ఇక్కడ ఎండ మంట, కూరల్లో పులుపు, పలకరించే మనిషి లేడు. ఎవరైనా ఇటు వస్తే కాసిన్ని జొన్నలు పంపు.

సరితది లారీలకు బాడీలు కట్టే షెడ్డు కదా. మిర్యాలగూడ రైసుమిల్లు సేటు ఒకాయన తన కుంటలో తేలే హోటలు పెడతానని పాతకాలపు నీటి విమానాల ఫోటోలు తెచ్చి, అట్లాంటిదే కట్టమన్నాడు. అప్పట్లో అవి జనాన్ని ఎక్కించుకుని నీళ్ల మీదనే దిగేవట. కింద పడవ పొట్ట, దాని నడుమ మెట్టులాంటి విరుపు. అది ఉంటేనే విమానం నీళ్లను వదిలి లేచేదట. తుంపరలు తగలకుండా రెక్కలు, ఫ్యాన్లు నెత్తి మీద. ఒరిగిపోకుండా రెక్కల కింద చిన్న తెప్పలు. లోపల పేము కుర్చీలు, పడుకునే మంచాలు, వంటగది కూడా. మనది ఎగరక్కర్లేదు, తేలితే చాలు.

మొదటిసారి దింపినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. అవి ఆగకముందే లోపల కుర్చీలు తేలాయి, విమానం మునిగింది.

"ఇంకోసారి మునిగితే నీ షెడ్డు దిక్కు ఎవ్వడు రాడమ్మా, అందరికి నేనే చెప్త" అన్నాడు సేటు.

క్రేన్‌తో పైకి తీస్తే ఏముంది, అడుగున మూలమూలకూ బొక్కలు. లారీ కడిగిన నీళ్లు పోవాలని పెడతారే, అవే. ముసలి మిస్త్రీ యాదగిరి తల పట్టుకున్నాడు. "పెట్టకుంటే తుప్పు వడ్తదని చెయ్యి దానంతటదే పోయింది బిడ్డా" అన్నాడు. సరిత తిట్టలేదు. తిట్టకపోతేనే నాకు భయమైంది. తిండి మానేసింది. నేను మొక్కని దేవుడు లేడు.

బొక్కలు మూశాక, చెమ్మ వస్తే లోపలుంటేనే తెలుస్తుందని తనే ఎక్కి కూర్చుంటానంది. ఈత రాదు అక్కా దానికి. నాకూ రాదు. లారీ ట్యూబు నడుముకు కట్టుకోమని కాళ్లావేళ్లా పడ్డాను.

"నేనే బుగులుపడితె రేపు జనం ఎట్ల కూసుంటరు నాయినా?" అంది.

విమానానికి కట్టిన తాడు పట్టుకుని ఒడ్డున కూలబడ్డాను. నీళ్లు పొట్టంతా మింగుతూ వచ్చాయి. ఇంతవరకే మునగాలని కిటికీల కింద సరిత గీసిన ఎర్రగీత దాకా వచ్చి ఆగాయి. నా ఊపిరీ ఆగింది. లోపల చప్పుడు లేదు. తాడు రెండుసార్లు గుంజి చూశాను. అప్పుడు గుండ్రటి కిటికీలోంచి చేయి బయటికి వచ్చింది.

"పొడిగనే ఉంది నాయినా. ఛాయ్ పంపు."

యాదగిరి నా భుజం మీద పడి ఏడ్చాడు. బిడ్డ ఇవాళ అన్నం తిన్నది అక్కా, రెండోసారి పెట్టించుకుని తిన్నది. ఫోన్ చేస్తే ఏడుస్తానని ఇట్లా రాస్తున్నాను. నువ్వూ బావా దాన్ని మనసారా దీవించండి.

నీ తమ్ముడు,
రాజయ్య

బావకు చదివి వినిపించు. చిన్నమ్మకు చెప్పు, చెవి దగ్గర గట్టిగా. చిలుకూరులో ఉన్న నీ బిడ్డకు చెప్పు. ఆడపిల్లకు లారీల పనేందని నవ్విన సూర్యాపేట మేనబావకు పదిమందిలో చెప్పు. సరిత అమ్మమ్మకు మాత్రం ముందు తేలిందని చెప్పు, ఆ తర్వాతే మునిగిందని చెప్పు.