ఇల్లు సర్దే ఆట

మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవించి రాసే ఉత్తరం. ఎప్పటిలా చిరంజీవి పక్కన సౌభాగ్యవతి అని రాయబోయి ఆగిపోయాను. ముందు నువ్వు క్షేమంగా ఉండు, మిగతావి తర్వాత. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావగారి మోకాలినొప్పి తగ్గింది. ఫోన్లో చెప్పకుండా ఉత్తరమేమిటని కంగారుపడకు. అంటే, పడు. కానీ చివరిదాకా చదివి పడు.

ఈ ఉత్తరం బావగారే తెస్తున్నారు. చదివాక ఆయనతో బయల్దేరు. నీ మొగుడి కంట పడకుండా ఇన్నాళ్లూ నువ్వు తలదాచుకున్న ఆ బేకరీ మీది గది ఇక రహస్యం కాదు.

మా పిడుగు పుట్టినరోజుకి దాని స్నేహితురాలు పెన్‌డ్రైవ్‌లో ఒక ఆట ఇచ్చింది. ఇల్లు సర్దే ఆట. ఖాళీ గదులుంటాయి, అల్మరాలు, మంచాలు, గిన్నెలు మనమే అమర్చాలి. దానికి రెండు రోజుల్లో విసుగొచ్చింది. నాకు రాలేదు. పక్కింటికి వెళ్లినా వాళ్ల చెంచాలు సైజువారీగా సర్ది వస్తానని నువ్వే వెక్కిరించేదానివి కదా. పనయ్యాక కూర్చుని ఆ బొమ్మ వంటిల్లు సర్దేదాన్ని. ఫోన్ పక్కన పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, నీతో మాట్లాడుతూనే.

వారానికోసారి ఫ్రిజ్ తుడిచినట్టే కంప్యూటర్లో చెత్త కూడా తీసేస్తాను. చూస్తే ఆటలోని ఒక ఫైలు వారం వారం లావెక్కుతోంది. నేనేమో రెండు గిన్నెలు జరిపానంతే. తెరవబోతే అర్థంకాని గుర్తులు. పిడుగుని పిలిచాను. ఆటలన్నీ ఇలాగే బొమ్మల్నీ శబ్దాల్నీ మూటకట్టి తాళం వేస్తాయమ్మా, నీకు అన్నీ అనుమానాలే అంది. అయితే మూట ఎందుకే పెరుగుతోంది అన్నాను. అది కుర్చీ లాక్కుని కూర్చుంది.

అది చేసిన పని నాకు అర్థమైనంత చెప్తాను. తాళం అంటే ఒక మాటట. అందులోని అక్షరాలను ఒక్కొక్కటే ఫైలు మీద కలుపుతూ పోతారు; మాట అయిపోతే మళ్లీ మొదట్నుంచి. కానీ ఫైల్లో అక్కడక్కడా ఏమీ లేని ఖాళీ జాగాలుంటాయి. అక్కడ కలవడానికి మరేమీ లేదు కనుక ఆ మాటే బయటపడుతుంది, అరిగిన తెర వెనక కిటికీ చువ్వల్లా. ఈ తాళం వేసిన మహానుభావుడు ఆ సంగతి మరిచిపోయాడమ్మా అని నవ్వుతూ కిందికి జరిపింది.

ఖాళీ జాగా వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

ఎక్కడున్నావ్ ఎక్కడున్నావ్ ఎక్కడున్నావ్ ఎక్కడున్నావ్.

తెర నిండా అదే. ఇంకా కిందికి జరిపితే అక్కడా అదే.

పిడుగు నవ్వు ఆగిపోయింది. బాబాయి కదమ్మా అంది. నువ్వు కూరగాయలకు వెళ్లినా, మా ఇంట్లో నా పక్కనే కూర్చున్నా, నీ ఫోన్ ఎత్తగానే వినబడే ఆ మాట మాకు తెలియనిదా? దానికి జవాబు ఆలస్యమైనందుకే కదా నీ చెయ్యి విరిగింది. అతని ఉద్యోగమే ఆటలు తయారుచేయడం.

ఆ మాటతోనే మూట విప్పింది. లోపల బొమ్మ గిన్నెలున్నాయి, బొమ్మ మంచాలున్నాయి. వాటి వెనక మేమున్నాం. మా కుక్కర్ విజిల్. బావగారి దగ్గు. నా కళ్లజోడేదే అని ఆయన, మీ నెత్తి మీదుంది అని నేను. ఆట నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ మైకు వింటూ, విన్నది మూటలో దాస్తూ, మళ్లీ ఆట తెరవగానే నెట్లో అతనికి పంపుతోందట. ఒక్కొక్కటే విన్నాను. గురువారం నాటి దాంట్లో నీ గొంతు వచ్చింది. కింద బేకరీలో బ్రెడ్డు కాలే వాసనకే మెలకువ వస్తోందక్కా, కిటికీలోంచి గడియార స్తంభం కనబడుతుంది అంటున్నావు. పోన్లే, గడియారం కొనే పని తప్పింది అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత నేనే మళ్లీ ఆట తెరిచాను. కాబట్టి ఆ నవ్వు అతనికి చేరింది.

నెట్ తీగ పీకేశాం. వెళ్లిపోయినదాన్ని వెనక్కి లాగలేం. నీ ఫోన్ కూడా అతను వింటున్నాడేమోనని ఇలా కాగితం మీద రాస్తున్నాను. నిన్నటినుంచి ఫోన్ మోగితే చాలు, నీ గురించి ఏం వినాల్సి వస్తుందోనని భయపడుతూనే ఎత్తుతున్నాను.

ఇంత సర్దుడు మనిషిని, మొదటిసారి చెప్తున్నాను, ఏదీ సర్దకు. మందులు, కాగితాలు సంచిలో పడేసుకో. పొయ్యి మీద పాలున్నా సరే, కట్టేసి దిగిపో. ఎక్కడికో ఇందులో రాయను. బావగారికి తెలుసు.

నీ కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్న
అక్క

తా.క.: ఆట ఇచ్చింది స్నేహితురాలు కాదు. నిజం రాయడానికి చెయ్యి రాక పైన అబద్ధం రాశాను. ఆ పెన్‌డ్రైవ్ తెచ్చింది అమ్మ. అల్లుడు ఏడ్చాడట, పిడుగు మీద ప్రేమతో చేశాను, నా పేరు చెబితే ఆడుకోనివ్వరు అన్నాడట. అతను ఆటలోంచి మా మాటలన్నీ వింటున్నాడని అమ్మకి చెప్పాను. పాపం, పెళ్లాం మీద బెంగతో చేశాడే, మారిపోయాడు అంది. ఇవాళ పొద్దున మళ్లీ ఫోన్ చేసి, బేకరీ పైనే కదా, ఏ వీధే అని అడిగింది. బేకరీ సంగతి నేను అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. నీకూ ఫోన్ చేస్తుంది. గొంతు అమ్మదే, అందులో ప్రేమ కూడా అమ్మదే. ఎక్కడున్నావమ్మా అంటుంది. చెప్పకు.