మగ్గం గుంతలో మీ నాయిన కాళ్లు

పోచంపల్లి

బిడ్డా నిరోషా, ఫోన్‌లో చెబితే మీ నాయిన వింటాడని కార్డు రాస్తున్నాను. ఇంత ఎండలోనూ ఆయన పాదాలు తడిమట్టిలా చల్లగా ఉంటున్నాయి. మగ్గం గుంతలో చెమ్మకేమోనని ఇటుక కాచి, గుడ్డ చుట్టి కాళ్లకింద పెట్టాను. "ఇంకా కాగలేదే" అని ఆయన అంటే మళ్లీ కాచాను. వేళ్లన్నీ బొబ్బలెక్కినా ఆయనకు తెలియనే లేదు. దవాఖానలో చూపిస్తే, షుగరుతో స్పర్శ పోయిందట, బీడీలతో నెత్తురు కాళ్లదాకా దిగడం లేదట. పుండు మానకపోతే వేళ్లు తీసేస్తారట.

జర తొందరగా వచ్చి బీడీలు మాన్పించు, నీ మాటైతే వింటాడు. వదులు మేజోళ్లు తే. పాపకు దగ్గు తగ్గిందా?

ఇటుక సంగతి ఆయన ముందు ఎత్తకు. దవాఖానలో డాక్టరమ్మ గద్దిస్తే "నేనే నిప్పు తొక్కిన, అమ్మా" అన్నాడు, నా పేరు చెప్పలేదు.

అల్లుడికి, పిల్లలకు దీవెనలు.

మీ అమ్మ నర్సింగమ్మ